బీరువాలో కాగితాలున్నాయా?

విడాకుల కేసనగానే నల్లకోట్లు, బోనులు, వాదోపవాదాలు గుర్తొస్తాయి. నిజానికి సగం కేసు ఇంట్లోనే, బీరువా అరల్లో తేలిపోతుంది. గొడవ ఎంత పెద్దదన్నది కాదు, కాగితం ఎవరి దగ్గరుందన్నదే చివరికి లెక్కకొస్తుంది.

'పెళ్లికి బంగారం ఎంత పెట్టారు?'

లాయరమ్మ అడిగిన మొదటి ప్రశ్న అది.

'నలభై తులాలండీ' అంది తల్లి.

'ముప్పై అయిదే. మిగతా అయిదు తులాలూ చంటివాడి బారసాలకి కదా చేయించాం' అన్నాడు తండ్రి.

'బిల్లులున్నాయా?'

'మాకు తెలిసిన కంసాలే మేడమ్. తరతరాలుగా వాళ్లింట్లోనే చేయిస్తాం. బిల్లడిగితే ఏం బాగుంటుంది?'

'పోనీ, నగలిప్పుడు ఎక్కడున్నాయి?'

'మా అత్తగారి బీరువాలో' అంది కూతురు, తలెత్తకుండానే.

'మీవారి జీతం ఎంతమ్మా?'

'లక్ష దాటే అనుకుంటా. ఎప్పుడూ చెప్పలేదండీ.'

'ఉంటున్న ఫ్లాటు ఎవరి పేరున ఉంది?'

జవాబు లేదు. లాయరమ్మ పెన్ను పక్కన పెట్టి 'అయితే మీ దగ్గర ఏమున్నాయో చూపించండి' అంది. తల్లి సంచిలోంచి పెళ్లి ఆల్బమ్ తీసి బల్లమీద పెట్టింది.

ఏ ఊళ్లోనైనా సరే, లాయరు ఆఫీసు వరండాలో ఓ గంట కూర్చుంటే ఇలాంటి సంభాషణ చెవిన పడుతుంది. పదేళ్ల కాపురంలో ఎవరు ఎవర్ని ఏమన్నారో, ఏ పండక్కి ఎవరి ముందు అవమానించారో తేదీలతో సహా గుర్తుంటాయి. అంకెలు మాత్రం గుర్తుండవు. కోర్టు అడిగేది ఆ అంకెలే!

కాపురాలు కూల్చడం నేర్పుతున్నారా అని పెద్దవాళ్లు కోప్పడకండి. ఈ కాగితాలు విడిపోవడానికే కాదు, కలిసి ఉండటానికీ పనికొస్తాయి. లెక్కలు బయటపడ్డాక సర్దుకున్న జంటలూ ఉన్నాయి. ఇంకోమాట... ఇంట్లో చెయ్యి లేస్తోంటే కాగితాల కోసం ఆగొద్దు. ముందు అక్కణ్నుంచి బయటపడాలి. 112కిగానీ, మహిళల హెల్ప్‌లైను 181కిగానీ ఫోన్ చేయాలి. మిగతావన్నీ తర్వాత.

స్టాంపు పేపరు విడాకులు

మన దగ్గర గొడవ ముందు కోర్టుకి పోదు, పెద్దమనుషుల దగ్గరికి పోతుంది. రెండుమూడు పంచాయితీలయ్యాక వంద రూపాయల స్టాంపు పేపరు తెప్పిస్తారు. 'ఇకనుంచి మా ఇద్దరికీ ఏ సంబంధమూ లేదు, ఎవరి బతుకు వాళ్లది' అని రాయిస్తారు. నలుగురు సాక్షి సంతకాలు చేస్తారు. కొందరు దాన్ని నోటరీ కూడా చేయించి, పనైపోయిందనుకుంటారు.

హిందూ వివాహ చట్టం (1955) ప్రకారం అది విడాకులు కాదు. ఏదైనా కులంలో అనాదిగా విడాకుల ఆచారం ఉంటే 29వ సెక్షన్ దాన్ని గుర్తిస్తుంది. కానీ ఆ ఆచారం ఉందని కోర్టులో రుజువు చేసుకోవాల్సిన భారం దాన్ని చెప్పుకునేవాళ్లదే. అది రుజువు కాకపోతే పెళ్లి చెల్లుతూనే ఉన్నట్టు లెక్క. ఆ ధైర్యంతో రెండో పెళ్లి చేసుకుంటే అది చెల్లదు సరికదా, కేసు కూడా అవుతుంది. ఈ సంగతి చాలా ఇళ్లలో పదిహేనేళ్ల తర్వాత తెలుస్తుంది. భర్త పోయాక పింఛను కోసం ఇద్దరు భార్యలు ఒకే ఆఫీసు మెట్లెక్కినప్పుడు!

అలాగని ఆ కాగితాన్ని చింపేయొద్దు. ఎప్పటినుంచి విడిగా ఉంటున్నారు, ఏ వస్తువులు తిరిగిచ్చారు, ఎంత డబ్బు చేతులు మారింది అన్నవాటికి అదే సాక్ష్యం కావచ్చు. కాకపోతే రాసింది చదవకుండా, 'ముట్టినవి' అన్న చోట సంతకం పెట్టకండి. ముట్టకముందే ముట్టాయని రాయించుకోవడం ఈ పంచాయితీల్లో పాత అలవాటు.

నగల లెక్క

పెళ్లికి ముందు, పెళ్లిలో, ఆ తర్వాత అమ్మాయికి వచ్చిన కానుకలన్నీ స్త్రీధనమే. అత్తగారి బీరువాలో ఉన్నంతమాత్రాన అత్తగారివి కావు. వాళ్లు దాచిపెట్టే ధర్మకర్తల్లాంటివాళ్లేనని, అడిగితే తిరిగివ్వాల్సిందేనని సుప్రీంకోర్టు 1985లోనే తేల్చింది. 2024 ఏప్రిల్లో కేరళ నుంచి వచ్చిన ఓ కేసులోనూ అదే మాట. పెళ్లిలో పెట్టిన 89 కాసుల బంగారం పోగొట్టుకున్న మహిళకి 25 లక్షల రూపాయలు ఇవ్వమని భర్తను ఆదేశించింది.

హక్కుకి లోటు లేదు. లోటంతా రుజువుకే. 1985 నాటి కేంద్ర నిబంధనల ప్రకారం వధూవరులకు వచ్చిన కానుకల జాబితా పెళ్లిలోనే రాయాలి. వస్తువేమిటి, విలువెంత, ఎవరిచ్చారు, వాళ్లేమవుతారు... అన్నీ రాసి ఇద్దరూ సంతకాలు చేయాలి. మీరు వెళ్లిన పెళ్లిళ్లలో ఎక్కడైనా చూశారా? చదివింపుల పుస్తకంలో అయిదువందల నూటపదహార్లు కూడా పేరుపేరునా రాస్తాం. లక్షల నగల గురించి ఒక్క ముక్క రాయం. ఈ విషయంలో ముస్లింల నికానామా నయం, మెహర్ ఎంతన్నది అందులోనే ఉంటుంది.

మరి బిల్లుల్లేనివాళ్ల సంగతి? వెతికితే ఏదో ఒకటి దొరుకుతుంది. పెళ్లి ఫొటోల్లో, వీడియోలో ఏ నగ ఎవరి ఒంటిమీద ఉందో కనిపిస్తుంది. బంగారం కోసం నాన్న బ్యాంకులో డబ్బు తీస్తే ఆ తేదీ పాసుబుక్కులో ఉంటుంది. లాకరుంటే దాన్ని ఎవరు ఏ రోజు తెరిచారో బ్యాంకు రికార్డు చెబుతుంది. అన్నింటికన్నా గట్టిది మనం పెద్దగా పట్టించుకోని కాగితం, బంగారం తాకట్టు రసీదు. అప్రైజరు ఒక్కో నగనీ తూచి, రాళ్లు పోను నికర బరువెంతో రాస్తాడు.

పైన చెప్పుకున్న అమ్మాయి లాంటివాళ్లకి చాలాసార్లు దారి చూపించేది అదే. భర్త వ్యాపారానికి అవసరమై ఓసారి నగలన్నీ బ్యాంకులో పెట్టి, తర్వాత విడిపించి ఉంటారు. ఆ పాత రసీదు ఏ డైరీలోనో దొరుకుతుంది. అప్పుడు తల్లి చెప్పిన నలభై, తండ్రి చెప్పిన ముప్పై అయిదు... రెండూ పక్కకుపోయి గ్రాముల్లో అసలు లెక్క బయటికొస్తుంది. పిటిషన్లో రాయాల్సింది ఆ లెక్కనే. గొప్పకిపోయి ఎక్కువ రాస్తే ఉన్నది కూడా అబద్ధమనిపిస్తుంది.

ఇంకో సంగతి కూడా. నగలు అడగాల్సింది అమ్మాయే. తెలంగాణ నుంచి వెళ్లిన ఓ కేసులో, కూతురికి అమెరికాలో విడాకులై, ఆస్తుల ఒప్పందం కూడా రాసుకున్న కొన్నేళ్లకి తండ్రి ఇక్కడ మాజీ వియ్యంకుల మీద ఫిర్యాదు చేశాడు, పెళ్లినాటి బంగారం తిరిగివ్వలేదని. 2024 ఆగస్టులో సుప్రీంకోర్టు దాన్ని కొట్టేసింది. స్త్రీధనం మీద హక్కు ఆమె ఒక్కదానిదే, ఆమె రాతపూర్వకంగా అధికారం ఇవ్వకుండా తండ్రి కూడా అడగలేడంది. పెట్టింది నేనే కదా అన్న మాట అక్కడ చెల్లలేదు.

పొలం సంగతికొస్తే, పసుపు కుంకుమ కింద ఎకరం ఇచ్చామని పదిమందిలో చెబుతారు. పాసుపుస్తకం మాత్రం నాన్న పేరునే ఉంటుంది. నాన్న పోయాక అన్నదమ్ములు ఏమంటారో చెప్పలేం. ఇచ్చేదేదో రిజిస్ట్రేషన్ చేయించి ఇవ్వాలి.

జీతం గుట్టు

మనోవర్తి కేసుల్లో ఒకప్పుడు తమాషా జరిగేది. భర్త తన సంపాదన సగానికి సగం తగ్గించి చెప్పేవాడు. భార్య రెట్టింపు చేసి చెప్పేది. మధ్యలో జడ్జిగారు అంచనా మీద ఏదో ఒకటి ఖాయం చేసేవారు. 2020 నవంబరులో సుప్రీంకోర్టు దీనికో పద్ధతి పెట్టింది. లాయర్లు 'రజనీష్ - నేహా తీర్పు' అనేది దాన్నే. మనోవర్తి అడిగేవాళ్లూ, ఇవ్వాల్సినవాళ్లూ ఇద్దరూ తమ ఆదాయం, ఆస్తులు, అప్పులు, నెల ఖర్చులు అన్నీ ప్రమాణపత్రంలో రాసివ్వాలి. బ్యాంకు ఖాతాల వివరాలతోపాటు మూడేళ్ల స్టేట్‌మెంట్లు జతచేయాలి. అబద్ధం రాస్తే చర్య తీసుకోవచ్చు. మనోవర్తిని కూడా దరఖాస్తు పెట్టిన రోజునుంచే లెక్కకట్టాలంది కోర్టు. అంటే దరఖాస్తు ఆలస్యమైన ప్రతి నెలా పోగొట్టుకున్న నెలే.

ఈ పత్రం నింపడానికి కూర్చున్న రోజునే చాలామందికి తమ ఇంటి గురించి తమకేమీ తెలియదని అర్థమవుతుంది. అందుకే ముందునుంచీ చూసుకోవాలి. భర్త జీతం తెలియదంటారా? ఇంటి అప్పులో మీరూ సంతకం చేసి ఉంటే బ్యాంకుకిచ్చిన దరఖాస్తులో ఆయన జీతం ఉంటుంది. ఫారం-16, బీమా రసీదులు, పిల్లల స్కూలు దరఖాస్తులో తండ్రి ఆదాయం గడి... ఇవన్నీ పనికొచ్చేవే. ఏమీ దొరక్కపోతే పనిచేసే సంస్థనుంచి వివరాలు తెప్పించమని కోర్టునే కోరవచ్చు. అంతేగానీ ఆయన మెయిలు పాస్‌వర్డు దొంగిలించి తెరవకండి. లేనిపోని కేసు మెడకు చుట్టుకుంటుంది.

ఆదాయంకన్నా ముందు రాయాల్సింది ఖర్చు. బియ్యం, పాలు, అద్దె, కరెంటు, స్కూలు ఫీజు, ఆటో, అమ్మ మందులు. ఓ నోటుబుక్కులో మూడు నెలలు రాస్తే చాలు, ఎంత అడగాలో దానంతటదే తేలుతుంది. ఎంతిస్తారన్నదానికి ఒకే సూత్రమంటూ లేదు. 2017లో ఓ కేసులో భర్త నికర జీతంలో 25 శాతం న్యాయమని సుప్రీంకోర్టు అంది. అప్పట్నుంచీ అదే చట్టమన్నట్టు చెప్పుకుంటున్నారు, కాదు. ఇద్దరి ఆదాయం, చదువు, పిల్లలు, అప్పటిదాకా బతికిన తీరు అన్నీ చూస్తారు. హిందూ వివాహ చట్టం కింద మనోవర్తిని భర్త కూడా అడగవచ్చు. ఉద్యోగం చేస్తూ చేయడం లేదని రాసిన భార్యకీ, జీతం దాచిన భర్తకీ కోర్టులో పట్టే గతి ఒకటే.

పాత క్రిమినల్ ప్రొసీజర్ కోడులో 125వ సెక్షన్ కింద ఉన్న మనోవర్తి హక్కు 2024 జులై 1 నుంచి భారతీయ నాగరిక్ సురక్షా సంహితలో 144వ సెక్షన్ అయింది. ముస్లిం మహిళలకూ ఈ దారి ఉందని అదే నెలలో సుప్రీంకోర్టు చెప్పింది, అదీ తెలంగాణ కేసులోనే. ఆర్డరు వచ్చాక డబ్బు ఇవ్వకపోతే ఊరుకోకండి. బకాయి పడ్డ మొత్తానికి ఏడాదిలోగా వారంటు దరఖాస్తు పెట్టాలి. ఇవాళ ఇస్తాడు రేపిస్తాడని రెండేళ్లు చూస్తే పాత బకాయి ఆ దారిలో వసూలు కాదు.

ఇక ఫోను నంబరు గొడవొకటి ఉంది. చాలామంది గృహిణుల ఆధార్‌కీ, బ్యాంకు ఖాతాకీ భర్త నంబరే ఇచ్చి ఉంటారు. ఓటీపీ ఆయనకే పోతుంది. ఆధార్ కేంద్రానికెళ్లి సొంత నంబరు పెట్టించుకోవడం, సొంత పేరున ఓ ఖాతా తెరవడం అన్నింటికన్నా ముందు చేయాల్సిన పని. పిల్లల జనన ధ్రువపత్రాలు, పాస్‌పోర్టులు, పెళ్లి ధ్రువపత్రం, మీ చదువు సర్టిఫికెట్లు ఎక్కడున్నాయో కూడా అప్పుడే చూసుకోండి.

సగం ఇల్లు వస్తుందా?

రాదు. విదేశీ సినిమాలు చూసి విడాకులిస్తే సగం ఆస్తి వచ్చేస్తుందనుకుంటాం. మన చట్టంలో ఆ లెక్క లేదు. ఇల్లు ఎవరి పేరున రిజిస్టరయితే వాళ్లదే. ఇద్దరి పేర్లూ ఉంటే ఎవరెంత కట్టారన్న వాదన వస్తుంది. భార్య డ్వాక్రా అప్పు తెచ్చి గోడలు లేపినా, ఆమె జీతంతో అయిదేళ్లు వాయిదాలు కట్టినా ఆ డబ్బు భర్త ఖాతాలోకి చేతికిచ్చి ఉంటే ఎక్కడా కనిపించదు. అదే ఆమె ఖాతానుంచి నేరుగా అప్పుఖాతాకి వెళ్తే కనిపిస్తుంది. ఇల్లూ, స్థలం ఎవరి పేరున ఉన్నాయో సబ్ రిజిస్ట్రారు ఆఫీసులో ఈసీ తీయిస్తే తెలిసిపోతుంది.

సొంతం వేరు, ఉండే హక్కు వేరు. గృహహింస చట్టం (2005) కింద, కాపురం చేసిన ఇల్లు అత్తమామల పేరున ఉన్నా సరే, హింసకు గురైన భార్య అక్కడ ఉండే హక్కు కోరవచ్చని 2020లో సుప్రీంకోర్టు చెప్పింది. 'ఇది మా నాన్న ఇల్లు, బయటికి నడువు' అన్నంతమాత్రాన నడవక్కర్లేదన్నమాట.

అప్పు మాత్రం ఎవర్నీ వదలదు. ఇంటి అప్పుకి ఇద్దరూ సంతకాలు చేస్తే, విడాకులైనా బ్యాంకు దృష్టిలో ఇద్దరూ బాకీదారులే. వాయిదా తప్పితే ఇద్దరి సిబిల్ స్కోరూ పడిపోతుంది. ఇల్లు ఒకరు ఉంచుకుంటే రెండోవారి పేరు అప్పులోంచి తీయించాలి. దానికి బ్యాంకు ఒప్పుకోవాలి. కోర్టు కాగితం తీసుకెళ్లి బల్లమీద పెడితే సరిపోదు.

ఇష్టపడి విడిపోయేటప్పుడు

ఇద్దరూ ఒప్పుకుంటే 13-బి సెక్షన్ కింద వెళ్లవచ్చు. ఏడాదిపాటు విడిగా ఉండాలి, కలిసి పిటిషన్ వేయాలి. తర్వాత ఆరునెలలు ఆగి మళ్లీ కోర్టుకొచ్చి అదే మాట చెప్పాలి. రాజీకి అవకాశమే లేదని, మనోవర్తి, పిల్లల సంగతి తేలిపోయాయని కోర్టుకి నమ్మకం కలిగితే, ఏడాదిన్నరగా విడిగా ఉన్నవాళ్లకి ఆ ఆరునెలలూ మినహాయించవచ్చని 2017లో సుప్రీంకోర్టు చెప్పింది.

ఇక్కడో మెలిక ఉంది. డిక్రీ వచ్చేలోగా ఎవరైనా సమ్మతి వెనక్కి తీసుకోవచ్చు. డబ్బంతా ముందే ఇచ్చేస్తే ఇచ్చినవారికి గుబులు, అంతా చివర్లో ఇస్తానంటే తీసుకునేవారికి గుబులు. అందుకే కొంత మొదటి హాజరుకి, మిగతాది రెండో హాజరునాడు కోర్టులోనే డిమాండ్ డ్రాఫ్టుగా ఇచ్చేలా రాసుకోవడం మంచిది. పెండింగులో ఉన్న కేసులన్నీ నంబర్లతో సహా ఎలా ముగుస్తాయో, ఏ నగ ఎప్పుడు ఇస్తారో, స్కూలు ఫీజు ఏటా పెరిగితే ఎవరు కడతారో, పిల్లల పాస్‌పోర్టు ఎవరి దగ్గరుంటుందో, వేసవి సెలవులు ఎవరింట్లోనో... అన్నీ రాయాలి. 'పరస్పర అంగీకారంతో చూసుకుంటాం' అని రాస్తే మళ్లీ కొట్లాడుకుంటామని రాసినట్టే! పిల్లల మనోవర్తి నాకొద్దని తల్లి రాసిచ్చినా, అది పిల్లల హక్కు కాబట్టి పోదు. ఒకేసారి తీసుకునే మొత్తం, నెలనెలా తీసుకునేది పన్ను లెక్కలో ఒకటి కావు. సంతకానికి ముందే ఓసారి ఆడిటరును అడగండి.

తిరుపతి పెళ్లి, అమెరికా విడాకులు

అబ్బాయిలు అమెరికా వెళ్లిన ప్రతి ఊరూ తెలుసుకోవాల్సిన కేసు ఒకటుంది. 1975లో తిరుపతిలో పెళ్లయింది. తర్వాత భర్త అమెరికాలోని మిస్సోరి కోర్టులో విడాకులు తెచ్చుకుని, యాదగిరిగుట్టలో ఇంకో పెళ్లి చేసుకున్నాడు. మొదటి భార్య ఊరుకోలేదు. కేసు సుప్రీంకోర్టుదాకా వెళ్లింది. ఇక్కడి చట్టం ప్రకారం జరిగిన పెళ్లిని ఆ చట్టంలో లేని కారణంతో, ఆమె ఆ కోర్టుకి ఒప్పుకోకుండా రద్దు చేస్తే అది ఇక్కడ చెల్లదని 1991లో తీర్పు వచ్చింది. అందుకే విదేశీ కోర్టు నోటీసు వస్తే దాచిపెట్టొద్దు, చదవకుండా సంతకం చేసి పంపొద్దు. ఆమె అక్కడికెళ్లి వాదించినా, ఒప్పుకున్నా కథ మారిపోతుంది. ఈ కేసులో మరో చిన్న సంగతి... భర్త చూపించిన మిస్సోరి తీర్పు ఉత్త జిరాక్సు కాపీ. అది సాక్ష్యంగా పనికిరాదని హైకోర్టు అప్పుడే తేల్చింది!

డిక్రీ చేతికొచ్చాక

లాయరు ఖర్చుకి భయపడి ఆగేవాళ్లు ఒకటి గుర్తుంచుకోవాలి. 1987 నాటి న్యాయసేవల చట్టం కింద మహిళలకి ఆదాయంతో పనిలేకుండా ఉచితంగా లాయరును ఇస్తారు. జిల్లా కోర్టు ఆవరణలోని న్యాయసేవాధికార సంస్థలోగానీ, మండల న్యాయసేవా కమిటీలోగానీ అడగాలి. ఫోను నంబరు 15100. పిటిషన్ కోసం అత్తగారి ఊరు పరుగెత్తక్కర్లేదు. భార్య తానుంటున్న ఊరి కోర్టులోనే వేసుకునేలా 2003లో చట్టాన్ని మార్చారు.

డిక్రీ వచ్చాక కాపీయింగ్ సెక్షన్లో సర్టిఫైడ్ కాపీలు రెండుమూడు తీసుకోండి. పాస్‌పోర్టుకొకటి, బ్యాంకుకొకటి, రేపు మళ్లీ పెళ్లి మాటొస్తే ఇంకొకటి. అప్పీలు గడువు దాటకుండా ఆ పెళ్లి మాట ఎత్తొద్దు. పీఎఫ్, ఎల్ఐసీ, బ్యాంకు ఖాతాలు, మ్యూచువల్ ఫండ్లు, ఆఫీసు బీమా అన్నింట్లో నామినీ పేరు చూసుకోండి. అది దానంతటదే మారదు, వీలునామా కూడా మారదు. డిక్రీ రాకముందు సంగతి ఇంకా విచిత్రం. ఏళ్లతరబడి విడిగా ఉంటున్నా కాగితం మీద భార్యాభర్తలే కాబట్టి, వీలునామా లేకుండా ఒకరు పోతే రెండోవారు మొదటి వరస వారసులే. పదేళ్లు మాటల్లేని మనిషి పెద్దకర్మనాడు వచ్చి వాటా అడిగితే, ఇవ్వాల్సిందే.